నేలలో ఉన్న భాస్వరాన్ని ముందు లెక్కలోకి తీసుకోండి: రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యవసాయ శాఖల సంచాలకులకు, జిల్లా వ్యవసాయాధికారులకు, భూసార పరీక్ష కేంద్రాల సిబ్బందికి,

నమస్కారం.

ఏటా తొలకరి ముందు భాస్వరం ఎరువైన డీఏపీ కోసం సొసైటీల దగ్గర పాస్‌పుస్తకాలు, చెప్పులు వరస కడతాయి. ఎరువుల గూడ్సు రైళ్లు ఎన్ని వచ్చాయి, ఏ మండలానికి ఎన్ని టన్నులు వెళ్లాయి, ఇంకా ఎంత రావాలి అన్న సమీక్షలు రోజూ జరుగుతాయి. ఆ మడిలో ఇప్పటికే భాస్వరం ఎంత ఉందని మాత్రం ఎవరూ అడగరు. సమీక్ష ఆ ప్రశ్నతోనే మొదలు కావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

ముందుగా ఒక ఎకరా వరి లెక్క చూడండి. డీఏపీ అంటే 18-46-0, అంటే నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం, పొటాష్ సున్నా. 50 కిలోల బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు ఉంటాయి. ఈ 23 కిలోలు అసలు మూలకం బరువు కాదు, పీ2ఓ5 అనే ఆక్సైడు రూపంలో కట్టిన లెక్క. దాన్ని 0.44తో గుణిస్తే మూలకం 10 కిలోలు తేలుతుంది. వరికి ఎకరాకు సిఫార్సు 24 కిలోల పీ2ఓ5. మధ్యస్థంగా భాస్వరం ఉన్న నేలకు ఒక్క బస్తాతో దాదాపు సరిపోయినట్టే. ఇక పంట తీసుకెళ్లేది ఎంత? ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే గింజతో పొలం దాటేది సుమారు 5 కిలోల భాస్వరం, పీ2ఓ5 లెక్కన 11, 12 కిలోలు. దమ్ములో అడుగు మందుగా, నిలిచిన పైరులో పైపాటుగా కలిపి రెండు బస్తాల డీఏపీకి సమానమైన భాస్వరం వేస్తున్న రైతులు 46 కిలోలు పెట్టి 12 కిలోలు తీసుకుంటున్నారు. మిగిలిన 34 కిలోలు మట్టిలోనే ఉండిపోతాయి. నత్రజని అయితే ఆవిరవుతుంది, నీటితో కిందికి దిగిపోతుంది. భాస్వరానికి గాలిలోకి పోయే దారి దాదాపు లేదు. మట్టిలో అది కదిలేది కూడా మిల్లీమీటర్లలోనే. ఏడాదికి రెండు పంటల చొప్పున ఇదే తీరు పదేళ్లు సాగితే ఎకరాలో మిగిలేది 680 కిలోల పీ2ఓ5. అంటే దాదాపు 30 డీఏపీ బస్తాల భాస్వరం. వాననీటితో కొట్టుకుపోయే మట్టితో కొంత పోయినా, చాలాభాగం ఆరంగుళాల పైపొరలోనే ఉంటుంది.

అంత నిల్వ ఉన్నా డీఏపీ వేసినప్పుడు పైరు ముదురాకుపచ్చగా నల్లబడుతోంది కదా అని రైతులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. పైరును వారంలో నల్లబరిచేది డీఏపీలోని 9 కిలోల నత్రజని. అది 20 కిలోల యూరియాతో సమానం. భాస్వరం పని వేళ్ల దగ్గర, పిలకల దగ్గర జరుగుతుంది. నేలలో చాలినంత ఉన్నప్పుడు ఇంకా వేసినా కంటికి తేడా కనబడదు. దుకాణంలో గానీ, రైతు వేదికలో గానీ ఈ ఒక్క విషయం విడమరిచి చెప్పేవారు లేకపోవడం వల్లే డీఏపీ లేకుండా నాటు వేయకూడదన్న నమ్మకం గట్టిపడింది.

నేలలో ఉన్న భాస్వరమంతా పంటకు చేతికందుతుందని మేం అనడం లేదు. వేసిన ఏడాది పంట తీసుకునేది 15 నుంచి 20 శాతమే. నల్లరేగడిలో సున్నం, ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం మిగతాదాన్ని పట్టేస్తాయి. అయితే ఆ పట్టు శాశ్వతం కాదు. వేరు చుట్టూ ఉన్న నీటిలో భాస్వరం తగ్గగానే మట్టి కొంత వదులుతుంది. వరి మడిలో ఇది ఇంకా ఎక్కువగా జరుగుతుంది. దమ్ము చేసి నీళ్లు నిలిపాక మట్టికి గాలి అందదు. ఇనుము ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపంలోకి మారుతుంది, తను పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. పంట కోసి మడి ఆరితే ఇనుము మళ్లీ పాత రూపానికి వచ్చి భాస్వరాన్ని బిగబట్టేస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోసిన మాగాణుల్లో దున్నకుండా వేసే మొక్కజొన్నకు భాస్వరం లోపం తొందరగా కనిపించడానికి ఇదొక కారణం. కాబట్టి వరి-మొక్కజొన్న వరసలో భాస్వరం తగ్గించాల్సి వస్తే వరికి తగ్గించి, మొక్కజొన్నకు ఉంచాలి. ఇప్పుడు చాలాచోట్ల నడుస్తున్నది దీనికి తలకిందులు.

సిఫార్సు పద్ధతిలోనే ఒక లోపం ఉంది. పరీక్షలో తక్కువ వస్తే సిఫార్సుకు 30 శాతం కలపడం, ఎక్కువ వస్తే 30 శాతం తగ్గించడం వాడుకలో ఉన్న సూత్రం. వరికి 24 కిలోల్లో 30 శాతం తీసేస్తే సుమారు 17 కిలోలు. పంట తీసుకెళ్లేది 12. అంటే ‘ఎక్కువ’ అని తేలిన నేలలో కూడా, మన సలహాను తు.చ. తప్పకుండా పాటించిన రైతు పొలంలో కూడా నిల్వ పెరుగుతూనే ఉంటుంది. ‘ఎక్కువ’ అన్న గడిని రెండుగా విడగొట్టండి. హెక్టారుకు మూలకం లెక్కన 25 నుంచి 50 కిలోల భాస్వరం ఉన్న నేలలకు వరిలో సగం మోతాదు ఇవ్వండి. 50 దాటితే ఆ పంటకు పూర్తిగా ఆపించి, మూడు పంటల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. ఈ హద్దులు మా సూచన మాత్రమే. మీ పరిశోధన కేంద్రాలు నేల రకాన్ని బట్టి సరిదిద్దవచ్చు. విడగొట్టడం మాత్రం తప్పనిసరి.

ఇదంతా పరీక్ష అంకె సరిగ్గా ఉంటేనే పనికొస్తుంది. అందుకే ల్యాబుల గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

తటస్థ, క్షార నేలలకు ఓల్సెన్ పద్ధతి వాడతాం: 2.5 గ్రాముల మట్టికి 50 మి.లీ. 0.5 మోలార్ సోడియం బైకార్బనేట్ ద్రావణం, ఉదజని సూచిక (పీహెచ్) 8.5, 30 నిమిషాలు ఊపడం, వడకట్టాక మాలిబ్డేట్‌తో వచ్చే నీలిరంగును కలరీమీటర్‌లో చూడడం. చెప్పడానికి తేలికే, చెడిపోయే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. బైకార్బనేట్ ద్రావణాన్ని తెరిచిన సీసాలో రోజుల తరబడి ఉంచితే సూచిక 8.5 దాటుతుంది. ఏ రోజుకారోజు చూసి సరిచేయాలి. వడపోతలో రంగు పోగొట్టడానికి వేసే యాక్టివేటెడ్ బొగ్గులోనే భాస్వరం ఉంటే ప్రతి నమూనాకూ అంకె పెరుగుతుంది. కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ మట్టి లేని బ్లాంక్ నడపాలి. గాజు సామాను ఫాస్ఫేటు ఉన్న డిటర్జెంటుతో కడిగితే అదీ నీలిరంగుగానే తేలుతుంది. పలుచటి ఆమ్లంతో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. వేడిది ఇంకో సమస్య. గది వేడెక్కే కొద్దీ బైకార్బనేట్ ఎక్కువ భాస్వరాన్ని లాగుతుంది. నమూనాలు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. ఏసీ లేని గదిలో 38 డిగ్రీల దగ్గర చేసిన పరీక్షనూ, 25 డిగ్రీల దగ్గర చేసిన పరీక్షనూ ఒకే హద్దులతో పోల్చకూడదు. ప్రతి 20 నమూనాలకు ఒక బ్లాంక్, విలువ ముందే తెలిసిన ఒక మట్టి నమూనా పెట్టడం నియమం చేయండి. తెలిసిన నమూనాకు 10 శాతం మించి తేడా వస్తే ఆ వరస మొత్తం మళ్లీ చేయాలి. పాడేరు, అరకు వైపు ఆమ్ల నేలలకు ఓల్సెన్ సరిపడదు, బ్రే పద్ధతి వాడాలి.

కార్డు మీద అంకె ఎలా రాస్తున్నారన్నది అంతకన్నా ముఖ్యం. కొన్నిచోట్ల మూలకంగా, కొన్నిచోట్ల పీ2ఓ5గా రాయడం, ఏది రాశారో చెప్పకపోవడం రైతుకు నేరుగా నష్టం చేస్తుంది. హెక్టారుకు 30 కిలోల భాస్వరం అంటే ‘ఎక్కువ’. అదే 30 కిలోల పీ2ఓ5 అయితే అసలు భాస్వరం 13 కిలోలే, అది ‘మధ్యస్థం’. అంకె ఒకటే, సలహాలు రెండు. పైగా కార్డు హెక్టార్లలో మాట్లాడుతుంది, రైతు ఎకరాల్లో, బస్తాల్లో ఆలోచిస్తారు. 2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలైనప్పటి నుంచి 12 అంశాల పట్టిక ఇస్తున్నాం. ఆ పట్టిక కింద తెలుగులో ఒక్క వాక్యం రాయండి: ‘ఈ పంటకు ఎకరాకు డీఏపీ అర బస్తా చాలు, యూరియా 10 కిలోలు కలపండి’ అన్నట్టుగా. ఆ వాక్యమే రైతు చదువుతారు, దుకాణదారూ చదువుతాడు.

ఆ కార్డు నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్ల గ్రిడ్‌కు ఒక నమూనాతో వస్తున్నదన్నదీ మరవకూడదు. మాగాణిలో రెండున్నర హెక్టార్లంటే ఆరుగురు రైతులు ఉండొచ్చు. ఒకరు కోళ్ల ఎరువు తోలారు, ఇంకొకరు తోలలేదు. భాస్వరం కదలని పోషకం కాబట్టి గట్టుకు ఇటువైపు ఒకలా, అటువైపు ఒకలా ఉంటుంది. కనీసం భాస్వరానికైనా ఎవరి పొలానికి వారి నమూనా కావాలి.

నమూనా తీసే తీరు అందరికీ తెలుసని అనుకుంటాం గానీ తప్పులు అక్కడే మొదలవుతాయి. పంట కోశాక, ఎరువు తోలకముందు తీయాలి. ఎకరాకు 8 నుంచి 10 చోట్ల చెత్త పక్కకు నెట్టి, ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంత చేసి, గోడ పొడవునా పైనుంచి కిందికి ఒకే మందంతో మట్టి చెక్కాలి. పైపైన గోకితే భాస్వరం ఎక్కువగా కనబడుతుంది, ఎందుకంటే అది పైపొరలోనే పోగవుతుంది. గట్ల పక్క, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట, పత్తి, మిరప సాళ్లలో మందు వేసిన వరస మీద తీయకూడదు. మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తేవాలి. నీడన ఆరబెట్టాలి. పాత ఎరువు సంచిలో వేసి తెస్తే ఆ నమూనా ఇక పరీక్షకు పనికిరాదు. గుడ్డ సంచులు మీరే ఇవ్వండి.

రైతును ఒప్పించేది కార్డు కాదు, పొలమే. ప్రతి రైతు వేదిక, ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో ఐదారు పొలాల్లో ‘భాస్వరం ఆపిన మడి’ పెట్టించండి. 10 సెంట్లు, అంటే 4 గుంటలు చాలు. అదే పొలం, అదే రకం, అదే రోజు నాటు. దమ్ముకు ముందే చుట్టూ గట్టు వేసి, నీరు పక్క మడి నుంచి పారకుండా కాలువ నుంచి నేరుగా పెట్టాలి. డీఏపీ వేయకూడదు, కానీ ఎకరాకు ఒక బస్తా ఆపితే అందులోని నత్రజనికి బదులు ఈ 10 సెంట్లకు 2 కిలోల యూరియా తప్పకుండా వేయాలి. ఇలాంటి ప్రయోగాలు చాలావరకు దెబ్బతినేది ఈ మెట్టు దగ్గరే. యూరియా కలపకుండా డీఏపీ ఆపితే పైరు పాలిపోతుంది, తప్పు భాస్వరం మీద పడుతుంది. పొటాష్, జింకు రెండు మడుల్లోనూ ఒకేలా ఉండాలి. కోతకు ముందు ప్రతి మడిలో గట్టుకు దూరంగా ఐదు మీటర్లకు ఐదు మీటర్లు కొలిచి కోసి, నూర్చి, ఆరబెట్టి తూచాలి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. ఒక్క పంటతో తీర్పు చెప్పకండి, రెండు పంట కాలాలు చూడండి. దిగుబడి నిజంగా తగ్గితే ఆ నేలకు భాస్వరం కావాలి. ఆ మాటా అంతే గట్టిగా చెప్పాలి.

డీఏపీ ఒక్కదాని మీదే దృష్టి పెడితే అసలు ప్రవాహం కనబడదు. భాస్వరం పొలంలోకి ఎక్కువగా వస్తున్న రెండో దారి పైపాటుగా వేసే కాంప్లెక్సు (మిశ్రమ) ఎరువులు. అడుగున ఒక బస్తా డీఏపీ, పిలకల దశలో ఒక 28-28, ఆ తర్వాత ఒక 20-20-0-13. భాస్వరం 23, 14, 10 కలిపి 47 కిలోలు. వేసేవారికి తాము ‘ఒక్క డీఏపీయే’ వేశామన్న భావన. భాస్వరమంతా దుక్కిలో, దమ్ములో పడాల్సిందే. నిలిచిన పైరులో చల్లింది మడి ఉపరితలంలో ఆగిపోతుంది, దాన్ని ముందు తినేది నాచు. 28-28 బస్తాలోని 14 కిలోల నత్రజని 30 కిలోల యూరియాతో వస్తుంది. డీలర్ల శిక్షణలో ఈ ఒక్క లెక్కకు ఒక పూట కేటాయించండి. డీఏపీ కావాలంటే ఇంకోటి కొనాల్సిందేనన్న లింకు అమ్మకాలను కూడా ఆపండి. అలా అంటగట్టింది రైతు పారేయలేక పొలంలో చల్లేస్తారు.

పశువుల ఎరువు, కోళ్ల ఎరువుల లెక్కా సిఫార్సులో చేరాలి. నాలుగు టన్నుల పశువుల ఎరువుతో 8 నుంచి 12 కిలోల పీ2ఓ5 వస్తుంది. గుడ్ల కోళ్ల ఎరువులో రెండు శాతం పైనే ఉంటుంది, ఒక టన్ను ఇంచుమించు ఒక డీఏపీ బస్తాతో సమానం. అనపర్తి, తణుకు చుట్టుపక్కల, హైదరాబాద్ శివార్లలో కోళ్ల ఎరువు తోలిన పొలానికి మళ్లీ డీఏపీ రాసివ్వడంలో అర్థం లేదు. మూసీ కింద సాగయ్యే వరిదీ ఇదే సంగతి. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ ఈ మూలకాన్ని కనుగొన్నది మూత్రం నుంచే. నగరం తిన్న అన్నంలోని భాస్వరం చాలావరకు డ్రైనేజీ నీటిలో కిందికి వస్తుంది. నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము భాస్వరం ఉండి, వరికి మొత్తం 1200 మి.మీ. నీరు పెడితే, ఎకరాకు 11 కిలోల పీ2ఓ5 ఆ నీటితోనే అందుతుంది. పంట తీసుకెళ్లేది దాదాపు అంతే. అక్కడ మట్టితో పాటు నీటినీ పరీక్షించాలి.

అతిగా వేస్తే పంటకు నష్టం ఏమిటని అడిగేవారికి జింకు చూపించండి. భాస్వరం పేరుకున్న నేలలో వరి, మొక్కజొన్న జింకును సరిగా తీసుకోలేవు. వరి ఆకుల మీద తుప్పు మచ్చలు, ఆకు మధ్య ఈనె పాలిపోవడం, పైరు గిడసబారడం. ఇది చూసి ‘బలం చాలలేదు’ అని మళ్లీ కాంప్లెక్సు చల్లితే లోపం ముదురుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయించాలి. మూడు పంటలకోసారి ఎకరాకు 20 కిలోలు దమ్ములో వేయాలి, కానీ డీఏపీతో కలిపి కాదు, మధ్యలో మూడు రోజులైనా ఎడం ఉండాలి. రెండూ కలిస్తే కరగని జింకు ఫాస్ఫేటు అవుతుంది, రెండింటి ఖర్చూ వృథా.

ఇది డీఏపీ మీద యుద్ధం కాదు. కొత్తగా సాగులోకి తెచ్చిన చల్కలకు (ఎర్ర ఇసుక నేలలకు), ఏజెన్సీలోని ఆమ్ల నేలలకు, ఎరువు ముఖం చూడని మెట్టలకు భాస్వరం కావాలి, ఇంకా ఎక్కువే కావాలి. అక్కడి రైతుకు బస్తా దొరకకపోవడానికి ఒక కారణం అక్కర్లేని చోట రెండేసి పడటమే. ఆమ్ల నేలల్లో రాక్ ఫాస్ఫేటు (భాస్వరపు రాయి పొడి) నేరుగా వేసినా నెమ్మదిగా కరుగుతుంది. నల్లరేగడిలో అది పనిచేయదు. చలి ఎక్కువగా ఉండే యాసంగిలో వరి నారుమడికి భాస్వరం రెట్టింపు చేయాలన్న పాత సిఫార్సు కూడా సరైనదే. రెండు గుంటల నారుమడికి మామూలుగా ఒక కిలో, చలిలో రెండు. చల్లటి మట్టిలో లేత వేరు భాస్వరాన్ని అందుకోలేదు. నారుమడికి రెండు కిలోలు వేయడం వేరు, రెండెకరాలకు నాలుగు బస్తాలు వేయడం వేరు.

వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు లాంటి నూనెగింజలకు డీఏపీ కన్నా సింగిల్ సూపర్ ఫాస్ఫేటు మేలు. అందులో భాస్వరం 16 శాతం, గంధకం 11 శాతం, పైగా కాల్షియం. మూడు బస్తాల సూపర్‌తో 24 కిలోల పీ2ఓ5, 16 కిలోలకు పైగా గంధకం వస్తాయి. 20 కిలోల యూరియా కలిపితే డీఏపీ బస్తాలోని నత్రజని కూడా వచ్చేస్తుంది. వర్షాధార వేరుశనగకు సిఫార్సు చేసిన 16 కిలోలు సరిగ్గా రెండు బస్తాల సూపర్. అనంతపురం రైతుకు ఇది తెలియక కాదు. విత్తే వారానికి ఊళ్లోకి సూపర్ రాదు, మూడు బస్తాల మోత కూలి ఎక్కువ, డీలరుకు మిగిలేదీ తక్కువ. జూన్ మొదటి వారానికల్లా సొసైటీల్లో నిల్వ ఉంచడం మీ చేతిలో పని.

భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను ప్రోత్సహిస్తున్నారు, మంచిదే. ఎకరాకు 2 కిలోల పొడిని బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడన తడి ఆరకుండా ఉంచి, దుక్కిలో చల్లాలి. ఎండలో నిలవ ఉన్న ప్యాకెట్టులో బతికున్న సూక్ష్మజీవి ఉండదు, కాబట్టి గోదాము వేడిని, గడువు తేదీని చూసే బాధ్యత సరఫరా చేసేవారిదే. నిల్వ ఉన్న నేలలోనే ఇది పనిచేస్తుంది. ఖాళీ నేలలో కరిగించడానికి ఏమీ ఉండదు.

పొలం దాటిన భాస్వరం చెరువుకు చేరుతుంది. లీటరు నీటిలో 0.02, 0.03 మిల్లీగ్రాములు ఉంటే చాలు, నాచు, గుర్రపు డెక్క అల్లుకుపోవడానికి. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో సూపర్, డీఏపీ కూడా వేస్తారు. ఆ నీరు సరస్సులోకే దిగుతుంది. వరి మడుల నుంచి దమ్ము చేసిన బురదనీటిని బయటికి వదలడమే పెద్ద దారి. అడుగు మందు వేశాక వారం రోజులు తూము తెరవొద్దన్న ఒక్క మాట నీటి సంఘాలతో చెప్పించండి.

ఈ మూలకం మన దగ్గర పుట్టేది కాదు. దేశంలో చెప్పుకోదగ్గ గని రాజస్థాన్‌లోని ఝామర్‌కోట్రా. ప్రపంచ నిల్వల్లో సుమారు 70 శాతం మొరాకో వైపు ఉన్నాయి. భాస్వరపు రాయి, ఫాస్ఫారిక్ ఆమ్లం, తయారైన డీఏపీ ఓడల్లో విశాఖ, కాకినాడ రేవులకు రావాలి. 2021లో చైనా ఎగుమతులు బిగించినప్పుడు ఇక్కడ డీఏపీకి ఎంత కొరత వచ్చిందో మీకు తెలుసు. రైతు రూ.1350కి కొనే బస్తా వెనుక సబ్సిడీ ఎంతో కూడా మీకు తెలుసు.

మేం అడుగుతున్నవి వచ్చే వానాకాలానికి ముందే చేయగలిగినవి. మండలాలవారీగా భాస్వరం ఫలితాలను, మూలకమా పీ2ఓ5నా స్పష్టంగా రాసి, బయటపెట్టండి. డీఏపీ కేటాయింపు పట్టికలో నిరుటి అమ్మకం పక్కనే ఆ మండలంలో ‘ఎక్కువ’ వచ్చిన నమూనాల శాతం ఒక గడిగా చేర్చండి. ఏప్రిల్ 15 నాటికి గుడ్డ సంచులు ఊళ్లకు చేరాలి, మే నెలాఖరుకు ఫలితం రైతు చేతికి రావాలి. నాట్లయ్యాక వచ్చిన కార్డు ఆ ఏటికి పనికిరాదు. భాస్వరం ఆపిన మడులకు గట్టు వేయడానికి, తూకం వేయడానికి వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు), గ్రామ వ్యవసాయ సహాయకులకు ఆ నాలుగు రోజులు వేరే సర్వేలు అప్పగించకండి. నమూనా సేకరణ, ల్యాబు బ్లాంకుల పద్ధతి, కోత తూకంపై శిక్షణ కావాలన్న జిల్లాకు మేం వచ్చి నేర్పుతాం.

ఇట్లు,
మట్టి పరీక్షలు, ఎరువుల సిఫార్సుల రంగంలో పనిచేస్తున్న కొందరం